లింగవ్వ గోడ మీద మిసిసిపీ

పొద్దున లేవగానే శిరీష చేసే మొదటి పని గోడ మీది నది కింద బకెట్ మార్చడం. జనవరిలో తెల్లారేసరికి సగం బకెట్ నిండుతుంది. ఏప్రిల్‌లో, అక్కడ పైన మంచు కరిగి వరదొచ్చే రోజుల్లో, రెండున్నర బకెట్లు. అక్టోబరులో చెంబెడు. చినుకుల చప్పుడు విని ఎన్ని లీటర్లు పడ్డాయో పక్కగదిలోంచే చెప్పగలదు శిరీష. ఆమె లెక్క ఎప్పుడూ పావులీటరుకు మించి తప్పలేదు.

ఆ నీళ్లను లింగవ్వ పారబోయనివ్వదు. పెరట్లో బచ్చలి తీగకు పోస్తుంది. బకెట్ అడుగున మిగిలిన గోధుమరంగు ఒండ్రును వంకాయ మొక్కల మొదట్లో వేస్తుంది. "మంజీర నీళ్లకు గింత బలం లేదు," అంటుంది బోధన్ శక్కర్‌నగర్‌లో అడిగిన ప్రతివాళ్లతో. వంకాయలు కావాల్సినవాళ్లు ఎవరూ కాదనరు.

ఆ నది మిసిసిపీ; అది కారే పటం అమెరికాలోని లూసియానా రాష్ట్రానిది. ఆరడుగుల ఎత్తు, గుడ్డకు అతికించిన మందపాటి కాగితం. ఎప్పుడో చెరకు చదువుకు ఆ దేశం పోయిన ఇంజినీరొకాయన తెచ్చి, బోధన్ షుగర్ ఫ్యాక్టరీ ఆఫీసులో వేలాడదీశాడని చెప్పుకుంటారు. ఫ్యాక్టరీ సైరన్ ఆగిపోయి, సామాను తుక్కు కింద పోతున్న రోజుల్లో, చక్కెర వండే ప్యాన్ మాన్ గులాం దాన్ని చుట్టచుట్టి సైకిల్ మీద ఇంటికి తెచ్చుకున్నాడు. అతని భార్య ఖైరున్నిసా నెలరోజులు ఓర్చుకుంది. "నా బొంతలన్నీ నానినయ్. నది కావాల్నా, నేను కావాల్నా?" అని అడిగింది. ఆలోచించుకోవడానికి గులాం ఒకరోజు గడువడిగాడు. ఆ ఒక్కరోజును ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. చివరికి పటం రెండిళ్ల అవతల లింగవ్వ ఇంటికి వచ్చింది. లింగవ్వ ఇంట్లో గచ్చు నీళ్లు పోయే మోరీ వైపు వాలుగా ఉంటుంది.

రాష్ట్రం ఆకారం పాత బూటు లాంటిది. బూటు ముందుభాగం సముద్రంలో నానుతూ ఉంటుంది కాబట్టి వారానికోసారి కాగితం తునక ఒకటి బకెట్లో రాలుతుంది. పటం అడుగున గజం పొడుగు పట్టీ ఒకటుంది. నది ఒడ్డు బంగ్లాల నుంచి న్యూఆర్లీన్స్ నగరం దాకా ఉన్న చెరకు తోటలన్నీ అందులో పెద్దవిగా గీశారు, అంగుళానికి ఒక మైలు చొప్పున. ఏటా జనవరి ఎనిమిదో తేదీన ఆ పట్టీ మీద, నదిగట్టు వెంట, తడి చుక్కల వరుస ఒకటి బయల్దేరుతుంది. మూడు రోజులు నడిచి, నగరానికి పదంగుళాలు ఇవతల ఆగి, ఆరిపోతుంది.

"ఏదో జాతరకు పోయెటోళ్లు," అనేది లింగవ్వ. "పాపం, ఎప్పుడు సూడు దారి తప్పుతరు."

*

లింగవ్వ నలభై ఏళ్లు చెరకు కొట్టింది. ఆమె మనవరాలు శిరీష డిచ్‌పల్లి క్యాంపస్‌లో ఎం.కాం. చేసి, బోధన్‌లోనే ఏదో ఒకటి చేసి చూపిస్తానని పట్టుబట్టింది. మూడు నెలల కింద ఓ టూరు కంపెనీ ఫోన్ డెస్క్‌కు అప్లికేషన్ పెట్టింది. లూసియానా చూడబోయే అమెరికావాళ్లకు టికెట్లు బుక్ చేసే పని. ఇంటర్వ్యూలో భూగోళం మీద ఇరవై ప్రశ్నలడిగారు. అక్కడ జిల్లాలను ఏమంటారు? పారిష్‌లు, అరవై నాలుగు. ఎత్తయిన కొండ? డ్రిస్కిల్, ఐదు వందల ముప్పై ఐదు అడుగులు, అదీ ఒక కొండేనా అని కూడా అంది. ఇరవైకి ఇరవై. రోజూ తుడిచే గోడ కదా.

ఉద్యోగంలో ఆమె పేరు షెర్రీ. ఎక్కడున్నావని ఎవరైనా అడిగితే "ఇక్కడే, నది పక్కనే" అనాలి. అది అబద్ధం కూడా కాదు. పొద్దున ఐదున్నర నుంచి పది దాకా ఇంట్లోనే, పటం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని డ్యూటీ. అక్కడ అప్పుడు ముందురోజు సాయంత్రం, జనం భోజనాల వేళకు కూర్చుని సెలవుల గురించి మాట్లాడుకునే టైము. చిత్తడి అడవిలో మొసళ్లను చూపించే పడవలు, ఇనుప పువ్వుల బాల్కనీలున్న ఫ్రెంచి వీధులు, నేల తవ్వితే నీళ్లొస్తాయని భూమి పైనే గదుల్లా కట్టిన సమాధులు, అన్నీ కళ్లముందు పెట్టేది శిరీష. అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయేది నది ఒడ్డున ఉన్న పద్దెనిమిది స్తంభాల తెల్ల బంగ్లా. పెళ్లిళ్లక్కూడా ఇస్తారు.

మూడు నెలల పరీక్షాకాలం ఈ నెలతో పూర్తవుతుంది. పర్మనెంట్ అయితే తనతో కలిపి ఆరుగురి టీముకు లీడర్. ఆ ఆరు కుర్చీలు నిజామాబాద్‌లో కాదు, బోధన్‌లోనే వేయించాలని సూపర్‌వైజర్ ప్రేమ్ వెంట పడి ఒప్పించింది. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా మేడ మీద గది కూడా చూసిపెట్టుకుంది. కుర్చీల్లో కూర్చునే ఐదుగురు స్నేహితురాళ్లు రోజూ ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందని అడుగుతున్నారు.

కంపెనీ ఇచ్చిన ఫైళ్లలో పాత కాగితమొకటి ఉంది. 1829లో ఆ బంగ్లాలో ఎవరో చేత్తో రాసిన పట్టిక. అరవై రెండు వరుసలు, నాలుగు గడులు: పేరు, వయసు, పని, ఓ అంకె. షుగర్ ఫ్యాక్టరీ క్వార్టర్ల మధ్య పెరిగిన పిల్లకు అదేమిటో ఒకరు చెప్పాలా? మస్టర్ రోల్, హాజరీ పట్టీ. చిన్నప్పుడు గులాం తాత భుజాల మీద కూర్చుని చూసింది. సైరన్ కూయగానే కిటికీ దగ్గర క్లర్కు పేర్లు పిలిచేవాడు, కార్మికులు "హాజర్" అనేవాళ్లు.

"తాతా, గిది చూడు," అంది ఆ రోజు, కాగితం ప్రింటు తీసి. "ఒనోరె, ముప్పై నాలుగేండ్లు, చక్కెర వండేవాడు, పదిహేను వందలు. ఏడాదికి పదిహేను వందల డాలర్ల జీతం! చెరకు కొట్టేవాళ్లకు ఏడు వందలు, ఎనిమిది వందలే. అందరికన్న ఎక్కువ ప్యాన్ మాన్‌కే."

గులాం చాయ్ గ్లాసు కింద పెట్టి, మీసం సవరించుకున్నాడు. "మరేమనుకున్నవ్? వండెటోడు చెయ్యి తీస్తే చక్కెర ఏడుంటది? విన్నవా లింగవ్వా? కొట్టెటోళ్లకు సగమే."

"మేం కొట్టకపోతే నువ్వు ఏం వండుతుంటివి, నీ మీసాలా?" అంది లింగవ్వ.

ఒక పాత్ర ఆవిరితో పక్క పాత్ర కాగే పద్ధతిని కనిపెట్టింది న్యూఆర్లీన్స్‌లో పుట్టిన నల్లజాతి ఇంజినీరని శిరీష అంతకుముందే చెప్పింది. బోధన్‌లో గులాం ముప్పై ఏళ్లు చూసిన రసం పాత్రలు అవే. అప్పటినుంచి గులాం ఆ ఊరిని మేనమామ ఊరు లెక్కన చూస్తున్నాడు. ఇప్పుడు ఒనోరె కూడా దొరికాడు. "మావోడు," అనేవాడు, పటంలో బంగ్లా వైపు గ్లాసెత్తి.

పట్టికలో చిన్నపిల్లలున్నారు. రోజెట్, నాలుగేండ్లు, పని గడి ఖాళీ, నూట యాభై. పిల్లల చదువు భత్యమనుకుంది శిరీష. జూడిత్, డెబ్భై ఒకటి, సున్నా. రిటైరైంది కాబోలు.

ఆ సంగతంతా ఉత్సాహంగా కస్టమర్లకు చెప్పడం మొదలుపెట్టింది. "మా బంగ్లాలో చక్కెర వండే ఆయనకు ఆ రోజుల్లోనే పదిహేను వందల జీతం తెలుసా?" రెండు వారాల్లో నలభై మూడుమందికి చెప్పింది. చాలామంది "ఓహో, ఎంత బాగుంది" అన్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం గొంతు సవరించుకుని వేరే మాటలోకి పోయారు. ప్రేమ్ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఆ సంగతిని ఫోన్‌లో అందరూ చదివే స్క్రిప్టులోనే ఎక్కించాడు.

*

జనవరి ఏడో తేదీ పొద్దున వర్నా బాటిస్ట్ అనే ఆమె ఫోన్ చేసింది. బాటన్ రూజ్‌లో స్కూలు బస్సు నడిపి రిటైరైందట. అరవై తొమ్మిదేళ్ల గొంతు, తొందర లేని ఇంగ్లిష్.

"పదో తేదీ శనివారం ముప్పై ఒక్కమందిమి వస్తాం. మా కుటుంబమంతా. మా ముత్తాత తండ్రి ఆ బంగ్లాలోనే చక్కెర వండేవాడని ఇంట్లో చెప్పుకుంటారు. పేరు ఒనోరె. మీ దగ్గర ఆయన గురించి ఏమైనా ఉందా?"

శిరీష కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఉంది మేడమ్! ఆయన పేరు నా చేతిలోనే ఉంది. ముప్పై నాలుగేళ్లు. పదిహేను వందల డాలర్లు. అక్కడ అందరికంటే పెద్ద జీతం ఆయనదే!"

నది నుంచి బకెట్లోకి ఏడు చినుకులు పడ్డాయి.

"షెర్రీ, నీకెన్నేళ్లమ్మా?"

"ఇరవై మూడు, మేడమ్."

"అది ఆయనకు ఇచ్చిన డబ్బు కాదు. ఆయన్ని అమ్మితే వచ్చే డబ్బు."

శిరీష వేలు ఒనోరె వరుస చివరి అంకె మీద ఆగింది.

"నీ వెనక నది చప్పుడు వినబడుతోంది," అంది వర్నా. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నది పక్కనే కూర్చున్న పిల్లవి. ఇది నీకు ఎవ్వరూ చెప్పలేదా? పదో తేదీ ఎందుకు ఎంచుకున్నామో కూడా తెలియదన్నమాట. పద్దెనిమిది వందల పదకొండు, జనవరి. వెతికి చదువుకో. టికెట్ల సంగతి ఎల్లుండి మాట్లాడతా."

ఫోన్ పెట్టేశాక శిరీష పట్టికను మళ్లీ మొదటినుంచి చదివింది. లెక్కలు వచ్చిన పిల్లకు ఆ నాలుగో గడి ఒక్కసారిగా అర్థమైపోయింది. ఎనిమిదేళ్ల పిల్లాడి కంటే పద్దెనిమిదేళ్లవాడికి ఎందుకు ఎక్కువ. ముప్పై ఐదు దాటాక ఎందుకు తగ్గుతూ పోతుంది. చెయ్యి విరిగినవాడి అంకె మీద కొట్టివేసి సగం ఎందుకు రాశారు. చదువు భత్యం! నలభై మూడుమందికి తన నోటితో చెప్పింది.

డ్యూటీ అయిపోయాక 1811 గురించి వెతికింది. జనవరి ఎనిమిది సాయంత్రం చెరకు తోటల్లోని బానిసలు లేచారు. చెరకు కత్తులు, జెండాలు, డప్పులు పట్టుకుని నదిగట్టు వెంట న్యూఆర్లీన్స్ వైపు నడిచారు. తోట తోటకూ మనుషులు కలిశారు. మూడో రోజుకు సైన్యం అడ్డంపడింది. నగరానికి చేరలేదు. చంపినవాళ్ల తలలను గట్టు పొడుగునా గుంజలకు కట్టారు.

శిరీష తలెత్తి పటం అడుగున ఉన్న పట్టీ చూసింది. ఇంకా పొడిగానే ఉంది. రేపు ఎనిమిదో తేదీ.

*

చాయ్ వేళకు గులాం వచ్చాడు. శిరీష దాచకుండా అంతా చెప్పింది. గులాం గ్లాసు పక్కకు జరిపాడు. "నేను మీసం తిప్పిన గదా బిడ్డా," అన్నాడు.

లింగవ్వ బియ్యం చాట పక్కన పెట్టింది. "నా వయసు ముసల్దానికి ఎంత రాసిండ్రు?"

"సున్నా, అవ్వా."

"పేరేం పేరు?"

"జూడిత్."

"ఏం పని రాసిండ్రు?"

"చెరకు కొట్టుడు అని రాసి, మీద గీత గీసిండ్రు."

లింగవ్వ లేచి, గూట్లో కత్తెర తీసుకుంది. "గా అంకెల గడి ఏ కొసకున్నది? సూపియ్యి." శిరీష వేలు పెట్టి చూపించింది. లింగవ్వ చదువుకోలేదు కానీ కత్తెర వంకర పోనివ్వలేదు. పైనుంచి కిందికి కోసి, సన్నటి ఆ ముక్కను నది కింద బకెట్లో పడేసింది. కాసేపటికి చూస్తే అంకెలు పోయి, ముక్క మీద ఒండ్రు మట్టి పేరుకుంది.

"గిప్పుడు మనుషుల పట్టీ అయింది," అంది లింగవ్వ.

శిరీష ప్రేమ్‌కు ఫోన్ చేసింది. "సార్, గది జీతం కాదు. మనుషుల ధర. స్క్రిప్టుల నుంచి తీసెయ్యాలె."

"తెలుసు," అన్నాడు ప్రేమ్.

"తెలుసా?"

"నువ్వు చెప్పిన మొదటి రోజే తెల్సింది. కానీ కస్టమర్లకు మంచిగనిపిస్తుంది. పెళ్లికొచ్చినోళ్లకు గా బాధలెందుకు? బుకింగులు పదకొండు శాతం లేచినయ్. నేనెందుకు ఆపుత?"

"ఆపకపోతే నేను చదవను సార్."

"శిరీషా, తెలివిగలదానివి. ఎల్లుండి నేనే బోధన్ వస్త. నీ పక్కన కూసుండి వింట. స్క్రిప్టు ఉన్నది ఉన్నట్టు చదివితివా, పర్మనెంట్, ఆరు కుర్చీలు నీవి. లేదంటే లాప్‌టాప్ సంచిల పెట్టి తయారుగుండు. నువ్వొక్కదానివే కాదు, నీ ఐదుగురు దోస్తుల కుర్చీలు గూడ పోతయ్."

మర్నాడు పట్టీ మీద మొదటి తడి చుక్క పొడిచింది. తర్వాత రెండోది. సాయంత్రానికి శిరీష నూట పన్నెండు లెక్కపెట్టింది. ఈసారి లింగవ్వ జాతర మాట ఎత్తలేదు.

*

తొమ్మిదో తేదీ పొద్దున ప్రేమ్ అన్నమాట ప్రకారం వచ్చాడు. నున్నగా గీసిన గడ్డం, నల్ల బూట్లు. బకెట్ చూసుకోక తగిలి, ఒక బూటు తడుపుకున్నాడు.

"మా మేనత్త ఇంట్ల గోదావరి పటం ఉంటుండె," అన్నాడు కాలు విదిలిస్తూ. "గింత కారకపోయేది."

"గోదావరి చిన్నది గద కొడుకా," అంది లింగవ్వ. "కూసో. చాయ్ తాగు."

గులాం అప్పటికే పటం ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. మసక కళ్లతో పట్టీకి ముక్కు ఆనించి ఏదో వాసన చూస్తున్నాడు.

మొదటి కాల్ ఒక కొత్తజంటది, మొసళ్ల పడవకు. రెండోది వర్నా. ప్రేమ్ తన చెవికి కూడా ఇయర్‌ఫోన్ పెట్టుకుని, స్క్రిప్టులో పద్నాలుగో వాక్యం మీద వేలుంచాడు. *అక్కడ పనిచేసిన కుటుంబాలకు మంచి జీతం, ఆదరణ ఉండేవి.*

"షెర్రీ, చదివావా?" అంది వర్నా.

శిరీష ప్రేమ్ వేలు చూసింది. మేడ మీది గది గుర్తొచ్చింది, కిటికీలోంచి కనిపించే ఫ్యాక్టరీ చిమ్నీ గుర్తొచ్చింది.

"చదివిన మేడమ్. ముందు ఒక మాట. నా పేరు షెర్రీ కాదు, శిరీష. నేను లూసియానాలో లేను. బోధన్ అనే ఊళ్లో ఉన్న, ఇండియాలో. ఇది కూడా చెరకు ఊరే. మా అవ్వ చెరకు కొట్టింది. రెండిళ్ల అవతలి తాత చక్కెర వండిండు. అందుకే ఆ కాగితాన్ని హాజరీ పట్టీ అనుకున్న. నా తప్పే. నలభై మూడుమందికి తప్పు చెప్పిన. ఇక చెప్పను."

ప్రేమ్ వేలితో వాక్యం మీద రెండుసార్లు కొట్టాడు. శిరీష కాగితాన్ని తిరగేసి బల్ల మీద పెట్టింది.

"మరి ఆ నది చప్పుడు?" అడిగింది వర్నా.

"అది మీ నదే మేడమ్. మా గోడ మీద ఉంటది."

"అలాగా," అంది వర్నా, అదేమీ పెద్ద విశేషం కానట్టు. "సరే శిరీషా. నాకొకటే కావాలి. ఆయన చక్కెర వండిన షెడ్డు ఎక్కడుండేది? కంపెనీవాళ్లను నాలుగేళ్లుగా అడుగుతున్నా. ఏమీ మిగల్లేదంటారు."

"బిడ్డా!" గులాం పీట మీదినుంచి కేకేశాడు. "గిటు రా. పాకం వాసనొస్తుంది. బంగ్లా కాడ కాదు, ఎనక."

బంగ్లాకు పైన, నదికి దూరంగా, పటంలో ఏమీ గీయని తెల్లటి చోట సన్నగా చెమ్మ ఊరింది. గులాం వేలితో తాకి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లాగాడు. తేనెరంగు తీగ ఒకటి సాగి, తెగకుండా నిలబడింది. ముప్పై ఏళ్లు ప్యాన్ దగ్గర అతను ప్రతి పూటా చేసిన పరీక్ష అదే.

"గింజ కట్టే పాకం," అన్నాడు. "గింత సరింగ దించెటోడు వెయ్యిల ఒకడుంటడు. గిక్కడనే వండిండు."

శిరీష స్కేలు తెచ్చి పెట్టింది. బంగ్లా వెనక గోడ నుంచి పదహారు మిల్లీమీటర్లు. అంగుళానికి మైలు. ఆమె పెదాలు రెండు క్షణాలు కదిలాయి.

"మేడమ్, రాసుకోండి. నదికి వీపు పెట్టి, బంగ్లా వెనక గోడ నుంచి తిన్నగా ఉత్తరానికి నడవండి. పదకొండు వందల తొమ్మిది గజాలు."

ప్రేమ్ లేచి ఆమె తల మీది హెడ్‌సెట్ లాగేశాడు. "చాలు. అయిపోయింది. మొత్తం రికార్డయింది, తెల్సా? నీ పేరు, ఊరు, అన్ని చెప్పినవ్!"

"నా ఫోన్ నంబరు ఒక్కటి చెప్పలేదు సార్," అంది శిరీష. హెడ్‌సెట్ మైకు ఇంకా అతని చేతిలోనే ఉంది. ఆమె ముందుకు వంగి, పది అంకెలు గట్టిగా, ఒక్కొక్కటిగా చెప్పింది. అప్పుడు లాప్‌టాప్ మూసి అతని చేతిలో పెట్టింది.

ప్రేమ్ తడి బూటుతో గడప దాటాడు. వెనక్కి తిరిగి, "ఆరు కుర్చీలు, శిరీషా," అన్నాడు.

"కుర్చీలు అంగట్ల గూడ దొరుకుతయ్ కొడుకా," అంది లింగవ్వ.

*

పదకొండో తేదీ తెల్లవారుజామున నాలుగున్నరకు శిరీష ఫోన్ మోగింది. అక్కడ ఇంకా పదో తేదీ, పొద్దుగూకే వేళ.

"నడిచాం," అంది వర్నా రొప్పుతూ. "పొలం యజమాని నిన్ననే చెరకు కోత ముగించాడు, వెళ్లి చూసుకోమన్నాడు. నా మనవడు టేపు పట్టాడు. పదకొండు వందల నాలుగు గజాల దగ్గర కాలికి ఇటుకలు తగిలాయి. ఇంకో ఐదు గజాలకు ఇనుప అంచు. తవ్వుతున్నారు. పెద్ద కొప్పెర. నేను లోపల పడుకోవచ్చు, అంత ఉంది."

శిరీష స్పీకర్ పెట్టింది. లింగవ్వ, గులాం, గులాం వెనకే కొంగు కప్పుకుని ఖైరున్నిసా వచ్చి నిలబడ్డారు.

"లోపల గీతలున్నయేమో అడుగు," అన్నాడు గులాం. "మా అబ్బ బెల్లం వండెటోడు. వండెటోని గరిటె ఒక్క దిక్కే అరగదీస్తది. కుడిచేతోని పెనం కుడికి అరుగుతది."

శిరీష అడిగింది. అవతల మట్టి గోకుతున్న చప్పుడు. గుసగుసలు. తర్వాత వర్నా, చాలా నెమ్మదిగా, "ఎడమవైపు అరిగింది. బాగా లోతుగా. ఎడమవైపే."

"ఎడమచేతి వాటం మనిషి," అన్నాడు గులాం.

వర్నా ఏడ్చింది. నవ్వింది కూడా. "మేం ముప్పై ఒక్కమందిమి ఉన్నాం ఇక్కడ. పందొమ్మిదిమందిది ఎడమచెయ్యే. స్కూల్లో నా చేతి మీద కొట్టేవాళ్లు, మార్చుకోమని. మార్చుకోలేదు."

పట్టీ మీద చుక్కల వరుస ఎప్పటిలాగే నగరానికి పదంగుళాలు ఇవతల ఆగి ఉంది. వెనకవైపు నుంచి ఆరడం మొదలైంది.

"మేడమ్," అంది శిరీష, "హాజరీ పిలవమంటారా? అరవై రెండు పేర్లు. మీరు ముప్పై ఒక్కరు. ఒక్కొక్కరు రెండుసార్లు పలికితే సరిపోతది. మా దగ్గర పేరు పిలిస్తే 'హాజర్' అంటరు. ఉన్న అని అర్థం."

"హా-జర్," అంది వర్నా. వెనక ముప్పైమంది ఆ మాట నేర్చుకుంటున్న చప్పుడు వినిపించింది.

శిరీష మూడు గడుల కాగితం తీసుకుని పటం ముందు నిలబడింది. పాత క్లర్కులా గొంతు పెంచి పిలిచింది.

"ఒనోరె, ముప్పై నాలుగు, చక్కెర వండేవాడు!"

"హాజర్!" వర్నా గొంతు.

"రోజెట్, నాలుగు!"

ఎవరో చిన్నపిల్ల, "హాజర్!"

పేరు పిలిచినకొద్దీ పట్టీ మీద ఆరుతున్న చుక్క ఒకటి మళ్లీ తడుస్తోంది. శిరీష చూస్తూనే పిలిచింది. ఇరవై. నలభై. అరవై ఒకటి. చివరి వరుస దగ్గర ఆమె ఆగింది. లింగవ్వ ఫోన్ అందుకుంది. ఆమెకు ఆ ఇంగ్లిష్ రాదు, అవసరం కూడా పడలేదు.

"జూడిత్!" అని అరిచింది, చెరకు తోటకు ఆ చివరినుంచి ఈ చివరికి వినబడే గొంతుతో. "డెబ్భై ఒకటి! చెరకు కొట్టింది! గీతలు గీసినా కొట్టింది!"

అవతల ముప్పై ఒక్కమందీ ఒకేసారి పలికారు. "హాజర్!"

పటం మీద చుక్కలు కదిలాయి. ఎప్పుడూ ఆగే చోటు దాటాయి. తొమ్మిదంగుళాలు. ఏడు. నాలుగు. గట్టు వెంట గుంపుగా, తొందర లేకుండా. కిటికీలో వెలుతురు వచ్చేసరికి నగరంలోకి పోయి, ఇనుప బాల్కనీల వీధులన్నీ తడిపేశాయి.

"దారి దొరికింది," అంది లింగవ్వ, ఫోన్ ఇచ్చేసి బకెట్ మారుస్తూ. ఖైరున్నిసా పటం దగ్గరికి వచ్చి, చెమ్మను వేలితో తాకి నాలుక మీద వేసుకుంది. తీపి. "మా ఇంట్లనే ఉండనియ్యాల్సింది," అంది మొగుడి వైపు చూడకుండా.

*

సోమవారం పొద్దున ఐదున్నర. ఫ్యాక్టరీ గేటు ఎదుటి మేడ మీది గదిలో ఒక్కటే కుర్చీ ఉంది. అది కూడా గులాం ఇంటిది. బల్ల మీద ఫోను, స్కేలు, మూడు గడులు గీసిన తెల్లకాగితాల కట్ట. వర్నా వాళ్ల చర్చిలో పద్నాలుగు కుటుంబాల దగ్గర ఇలాంటి పాత పట్టికలే ఉన్నాయట. అందరికీ ఆమె శిరీష నంబరిచ్చింది. పద్నాలుగు కుటుంబాలకు వాళ్లవాళ్ల చోట్లు పటం మీద కొలిచి, కుటుంబానికో నడక చొప్పున దారి చెప్పడం ఒక్కదాని వల్ల కాదు, ఉగాదిలోపు ఇంకో రెండు కుర్చీలు కావాలని శిరీష లెక్క తేల్చి, ఇద్దరు స్నేహితురాళ్లకు అప్పుడే చెప్పేసింది.

ఫోన్ మోగింది.

"నమస్తే. నేను శిరీషను, బోధన్ నుంచి మాట్లాడుతున్న," అంది ఇంగ్లిష్‌లో, ఏ పేరూ అరువు తెచ్చుకోకుండా. "మీవాళ్ల వివరాలు చెప్పండి. పేరు, వయసు, పని." అవతల కాగితం తిప్పుతున్న చప్పుడు. "పక్కన ఇంకో అంకె కూడా ఉందా? అది మీ దగ్గరే ఉండనివ్వండి. నా పట్టీలో దానికి గడి లేదు."